ఈ మాట ఎవరు, ఎవరితో అన్నారు? అమెరికా బడుల్లో మీడియా పాఠం

పదో తరగతి తెలుగు పరీక్ష రాసినవాళ్లు ఆ ప్రశ్నను అంత తేలిగ్గా మరిచిపోరు. పాఠంలోంచి ఒక వాక్యం తీసి ఇచ్చేవాళ్లు. అది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయాలి. సందర్భసహిత వ్యాఖ్య. గైడులో ఉన్నది బట్టీపట్టి, కవి పరిచయం రెండు లైన్లు, సందర్భం మూడు లైన్లు, భావం నాలుగు లైన్లు దించేసి మార్కులు తెచ్చుకున్నాం. పరీక్ష అయ్యాక ప్రశ్నను హాల్లోనే వదిలేసి వచ్చాం. ఇవాళ ఫోన్లో ఒక వీడియో రాగానే "ఇది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?" అని అడుగుతున్నవాళ్లు మనలో ఎంతమంది?

అమెరికా హైస్కూళ్లలో ఇంగ్లిషు టీచర్లు ఇప్పుడు ఆ ప్రశ్ననే పిల్లలకు అలవాటు చేయాలని చూస్తున్నారు. దీన్ని మీడియా లిటరసీ అంటున్నారు. పేపరు, టీవీ, ఫోను మన ముందు పెట్టేదాన్ని చదవగలగడం, తూచగలగడం, అవసరమైతే మనమే ఒకటి తయారుచేయగలగడం. వినడానికి సాదాగానే ఉంటుంది. దగ్గరికి వెళ్తే ముడి మీద ముడి. ఇది ఏ సబ్జెక్టు పని? ఇందులో ఏం చెప్పాలి? చెబితే పనిచేస్తుందా? దీనికి చోటివ్వడానికి ఏ పాఠం తీసేయాలి? న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య కూతురు హైస్కూల్లో చేరినప్పటి నుంచీ నేను ఈ విషయాన్ని పట్టించుకుని చదువుతున్నాను. అర్థమైనంత వరకు చెబుతాను.

మొదటి ముడి పేరులోనే ఉంది. అక్కడి 'ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఆర్ట్స్' మన బడిలోని ఇంగ్లిషు సబ్జెక్టు లాంటిది కాదు. మనకు ఇంగ్లిషు పీరియడంటే టెన్సులు, వాయిస్ మార్చడం, లెటర్ రైటింగు. అక్కడ అది దేశం మాట్లాడే భాషలో కథలు, నాటకాలు, కవితలు, వ్యాసాలు చదివే పీరియడు. వ్యాసం రాయడం, లేచి నిలబడి మాట్లాడటం, ఎదుటివాడు చెప్పేది విని తూచడం కూడా అందులోనే. మన తెలుగు వాచకం కూర్చున్న చోట అక్కడ ఇది కూర్చుని ఉంటుంది. అందుకే ఈ చర్చ చదివేటప్పుడు మనం తలుచుకోవాల్సింది ఇంగ్లిషు సారును కాదు, తెలుగు మాస్టారిని.

మీడియా పాఠం ఈ పీరియడ్‌కే ఎందుకు వచ్చి చేరిందంటే రెండు కారణాలున్నాయి. ఒకటి లెక్క ప్రకారం వచ్చేది. చాలా రాష్ట్రాల్లో హైస్కూలు నాలుగేళ్లూ ఇంగ్లిషు తప్పనిసరి. పిల్లలందరూ దొరికే గది అది. రెండోది అసలు కారణం. కథ చెబుతున్నది ఎవరు, అతన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఏది చెప్పకుండా దాటేశాడు, ఈ మాటే ఎందుకు వాడాడు అని అడగడం సాహిత్యం చెప్పేవాళ్లకు రోజూ ఉండే పని. ఈ ప్రశ్నలను నవల మీద వేసే టీచరు ఒక ప్రకటన మీద, ఒక వార్త మీద, 30 సెకన్ల రీలు మీద వేయలేకపోరు.

రెండో ముడి ఏమిటంటే, మీడియా లిటరసీ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులున్నాయి. నిజమా అబద్ధమా తేల్చుకోవడం ఒకటి. ఒక చిత్రం, ఒక ప్రకటన, ఒక సినిమా మనకు ఎలా అనిపింపజేస్తోందో, ఎవరిని ఎలా చూపిస్తోందో విప్పి చూడటం రెండోది. పిల్లలే వీడియోనో, పాడ్‌కాస్టో, వార్తా కథనమో తయారుచేసి, ఎక్కడ కత్తిరిస్తే అర్థం ఎటు తిరుగుతుందో తమ చేతులతో తెలుసుకోవడం మూడోది. శాసనసభలో చట్టం చేసేవాళ్లు మొదటిదాన్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడతారు. ఇంగ్లిషు టీచర్లకు ఇష్టమైనది, బాగా వచ్చినది రెండోది. పిల్లలకు మూడోదంటే ప్రాణం. ముగ్గురూ ఒకే పేరు పలుకుతారు కాబట్టి ఒకే సంగతి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఈ వాదాల్లో సగం గందరగోళం ఇక్కడ పుట్టిందే.

ఇది ఫోన్లు వచ్చాక మొదలైన చదువు అనుకుంటే పొరపాటు. 1937లో న్యూయార్క్‌లో 'ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్రాపగాండా అనాలిసిస్' అనే సంస్థ పుట్టింది. ఎడ్వర్డ్ ఫైలీన్ అనే బోస్టన్ వ్యాపారి డబ్బిచ్చాడు. కొలంబియా టీచర్స్ కాలేజీకి చెందిన క్లైడ్ మిల్లర్ ముందుండి నడిపాడు. జనాన్ని తమ వైపు తిప్పుకునేవాళ్లు వాడే ఎత్తుగడలను ఆ సంస్థ ఏడుగా విడదీసి, బడుల్లో పాఠాలుగా చెప్పించింది. ఎదుటివాడికి ఒక చెడ్డపేరు అంటగట్టేయడం. 'అభివృద్ధి', 'ఆత్మగౌరవం' లాంటి, ఎవరూ కాదనలేని తియ్యని మాటలు చల్లడం. గౌరవం ఉన్న దాని పక్కన నిలబడి ఆ గౌరవాన్ని తన మీదికి మళ్లించుకోవడం. పేరున్నవాళ్ల చేత చెప్పించడం. 'నేనూ మీలాంటివాణ్నే' అనిపించుకోవడం. అనుకూలమైన ముక్కలే పేర్చి మిగతావి దాచడం. 'అందరూ ఇటే వస్తున్నారు, నువ్వొక్కడివే మిగిలావు' అనడం.

ఎన్నికలప్పుడు అభ్యర్థి రోడ్డు పక్క బండి దగ్గర ఆగి దోసె వేయడం, ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం మనం ప్రతిసారీ చూస్తాం. అది ఆ జాబితాలో ఐదోది. దాదాపు 90 ఏళ్ల కిందటి జాబితా పట్టుకుని మన ఊరి ప్రచారాన్ని చదవొచ్చు. ఆ సంస్థ మాత్రం అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగాక 1942లో మూతపడింది. తమ ప్రభుత్వమే ప్రచారం చేస్తున్న రోజుల్లో ప్రచారాన్ని విప్పి చూపించే పని సాగించడం కష్టం. అది నడిచినంత కాలం దాని మీద ఒక విమర్శ ఉండేది, పిల్లలకు దేన్నీ నమ్మకపోవడం నేర్పుతున్నారని. ఆ విమర్శ దగ్గరికి మళ్లీ వస్తాను, ఇవాళ్టికీ దాని పదును తగ్గలేదు.

కెనడాలోని ఒంటారియో 1987లో మీడియా లిటరసీని ఇంగ్లిషు పాఠ్యప్రణాళికలో భాగం చేసింది. ఉత్తర అమెరికాలో ఆ పని మొదట చేసింది వాళ్లే. దాని వెనక టీచర్లు కట్టుకున్న ఒక సంఘం ఉంది. 1978లో దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు బ్యారీ డంకన్. టొరంటోలో మీడియా సిద్ధాంతకర్త మార్షల్ మెక్లూహన్ దగ్గర చదువుకున్నవాడు.

అమెరికాలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన కథ న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ హైస్కూలుది. అక్కడ ఒక పీరియడో ఒక వారమో ఇచ్చి ఊరుకోలేదు. 11వ తరగతి ఇంగ్లిషు మొత్తాన్నే ఏడాది పొడవునా మీడియా, కమ్యూనికేషన్ కోర్సుగా మార్చేశారు. అచ్చులో ఉన్నదాన్నీ, విన్నదాన్నీ, చూసినదాన్నీ ఒకే పద్ధతిలో విప్పి చదివించారు. ఇలా చేస్తే పిల్లలు చదవడం, రాయడం మరిచిపోతారని ఏ తల్లిదండ్రులకైనా భయం ఉంటుంది కదా. రెనీ హాబ్స్, రిచర్డ్ ఫ్రాస్ట్ అనే ఇద్దరు ఆ కోర్సు చదివిన 293 మందిని, ఈ పాఠం లేని మరో బడి పిల్లలతో పోల్చి చూశారు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. కోర్సు చదివినవాళ్లు చదివినదాంట్లో, విన్నదాంట్లో, చూసినదాంట్లో ముఖ్య విషయాన్ని మెరుగ్గా పట్టుకున్నారు. ఏ కోణం నుంచి చెప్పారో, ఏది వదిలేశారో గుర్తుపట్టారు. రాత కూడా మెరుగైంది, ఎక్కువ రాశారు, బాగా రాశారు. ఒక్క బడి అనుభవంతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

చట్టాలు ఈమధ్యే వరుసకట్టాయి. ఇల్లినాయ్ 2021లో చట్టం చేసి, 2022-23 నుంచి ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో మీడియా లిటరసీ మీద ఒక యూనిట్ చెప్పాలంది. న్యూజెర్సీ 2023 జనవరిలో కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా 'ఇన్ఫర్మేషన్ లిటరసీ' ఉండాలంది. అదే ఏడాది కాలిఫోర్నియా ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నిటి ప్రణాళికల్లోనూ దీన్ని కలపాలని చట్టం చేసింది. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ రాష్ట్రాల్లో న్యూజెర్సీ, కాలిఫోర్నియా ముందుంటాయి కాబట్టి, ఇది వేలాది తెలుగు ఇళ్లలోకి హోంవర్కు రూపంలో వచ్చే సంగతి. ఈ మూడింట ఏ చట్టమూ దీన్ని విడి సబ్జెక్టు చేయలేదు. ఉన్న పీరియడ్లలోనే ఇమడ్చాలి.

ఇంకా లోపలి ముడి ఒకటుంది. నా లెక్కన అసలు ముడి అదే.

నిలువు, అడ్డం

ఇంగ్లిషు క్లాసుకు గర్వకారణమైన విద్య ఒకటుంది. దగ్గరగా చదవడం. ఒక పేజీని ముందేసుకుని, పక్కకు చూడకుండా, పదం పదం నెమరువేస్తూ, అర్థం అక్కడే ఉందన్న నమ్మకంతో చదవడం. మన ప్రతిపదార్థం కూడా ఈ కోవలోదే. ఇంత మంచి విద్య ఇంటర్నెట్ ముందు చాలాసార్లు ఎదురుతిరుగుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక ప్రయోగం చేశారు. చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ డిగ్రీ విద్యార్థులు 25 మంది, వార్తల్లో నిజానిజాలు సరిచూడటం వృత్తిగా ఉన్నవాళ్లు, అంటే ఫ్యాక్ట్‌చెకర్లు, 10 మంది. వీళ్ల ముందు కొన్ని వెబ్‌సైట్లు పెట్టారు. అందులో రెండు పిల్లల డాక్టర్ల సంఘాలవి. ఒకటి 'అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్', 1930లో పుట్టింది, వేలాది డాక్టర్లు సభ్యులు. రెండోది 'అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్', 2002లో విడిపోయిన చిన్న బృందం. స్వలింగ జంటలు పిల్లల్ని పెంచుకోవడానికి అకాడమీ మద్దతిచ్చినప్పుడు దాన్ని వ్యతిరేకిస్తూ బయటికి వచ్చినవాళ్లు. పేర్లు రెండూ ఒకేలా గంభీరంగా ఉన్నాయి, సైట్లు రెండూ నీటుగా ఉన్నాయి. పదిమంది ఫ్యాక్ట్‌చెకర్లూ ఏది నమ్మదగ్గదో తేలిగ్గా తేల్చారు. చరిత్రకారుల్లో చాలామంది తటపటాయించారు. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న బృందం సైటునే మెచ్చుకున్నారు.

తేడా తెలివిలో లేదు, కదలికలో ఉంది. చరిత్రకారులు, విద్యార్థులు పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివారు. లోగో చూశారు, సైటు చిరునామా చివర 'డాట్ ఆర్గ్' ఉందని చూశారు, వ్యాసం కింద రిఫరెన్సులు ఉన్నాయని చూశారు. ఫ్యాక్ట్‌చెకర్లు పేజీ తెరిచిన కొద్ది క్షణాలకే దాన్ని వదిలి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. ఇలా పక్కకు వెళ్లి చదవడాన్ని పరిశోధకులు లేటరల్ రీడింగ్ అన్నారు. గళ్లనుడికట్టు భాషలో చెప్పుకుంటే మొదటివాళ్లది నిలువు, రెండోవాళ్లది అడ్డం.

బడుల్లో చాలాకాలం నేర్పింది నిలువు చదువే. 2004లో కాలిఫోర్నియాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుట్టిన 'క్రాప్ టెస్ట్' అనే ప్రశ్నావళి దేశమంతా పాకింది. తేదీ ఉందా, రచయిత పేరుందా, చిరునామా చివర ఏముంది, ఉద్దేశం ఏమిటి అంటూ పేజీని తనిఖీ చేయించేది. ఆ రోజులకు అది పనికొచ్చింది. ఇప్పుడు ఆ జాబితా మోసగాడి చేతిలో కూడా ఉంది. తేదీ, పేరు, రిఫరెన్సులు పెట్టడం అతనికెంతసేపు?

పిల్లల పరిస్థితి ఎలా ఉందో అదే స్టాన్‌ఫర్డ్ బృందం రెండుసార్లు చూసింది. ఒక పరీక్షలో 170 మంది హైస్కూలు పిల్లలకు వికృతంగా పూసిన తెల్లపూల ఫొటో చూపించారు. ఫుకుషిమా అణు ప్రమాదం వల్ల పువ్వులు ఇలా అయ్యాయని దాని కింద రాసి ఉంది. ఆ ఫొటో ఎక్కడ తీశారో, పెట్టింది ఎవరో లేదు. అయినా దాదాపు 40 శాతం మంది అది గట్టి సాక్ష్యమే అన్నారు, కళ్లకు కనిపిస్తోంది కదా అని. 2019లో వెలువడిన పెద్ద సర్వేలో 3,446 మంది పాల్గొన్నారు. ఒక మసక వీడియో చూపించి, ఇది అమెరికా ఎన్నికల్లో రిగ్గింగుకు సాక్ష్యమా అని అడిగారు. ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు, అడ్డు లేదు. 52 శాతం మంది గట్టి సాక్ష్యం అన్నారు. ఆ వీడియో రష్యాలో తీసినది. దాని మూలం దాకా వెళ్లినవాళ్లు ఆ మూడు వేల పైచిలుకు మందిలో ముగ్గురు.

ఈ ముగ్గురనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పుట్టినప్పటి నుంచీ ఫోను చేతిలో ఉన్న తరం కదా, వీళ్లకు మనం చెప్పేదేముంది అని మనం అనుకుంటాం. ఫోను ఆడించడం వేరు, ఫోను చెప్పేది చదవడం వేరు.

దీపావళి ఫొటో

అడ్డం చదువు అంటే ఏమిటో మన ఇళ్లలో తిరిగే ఒక ఫొటో మీద చూద్దాం. మా కుటుంబం గ్రూపులో ఏటా దీపావళికి వస్తుంది, మీ గ్రూపులోనూ వచ్చే ఉంటుంది. నల్లటి నేపథ్యం మీద భారతదేశం. తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతో దేశమంతా టపాకాయలా వెలుగుతుంటుంది. కింద 'దీపావళి రాత్రి నాసా తీసిన ఫొటో' అని ఉంటుంది.

ముందు దీన్ని నిలువుగా చదవండి. దేశం ఆకారం సరిగ్గా ఉంది. ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్ ఉండాల్సిన చోటే గుత్తులుగా వెలుగుతున్నాయి. థార్ ఎడారి వైపు చీకటిగా ఉంది, అదీ సబబే. ఎంత సేపు చూస్తే అంత నిజమనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణముంది, అది అబద్ధపు బొమ్మ కాదు, నిజమైన ఉపగ్రహ సమాచారమే. తప్పంతా కింది వాక్యంలో ఉంది. బొమ్మను ఎంత తేరిపార చూసినా ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు బొమ్మను వదిలి పక్కకు వెళ్లండి. 'నాసా దీపావళి ఫొటో' అని వెతికితే నాసా వాళ్లే ఇచ్చిన వివరణ దొరుకుతుంది. ఈ బొమ్మను తయారుచేసింది అమెరికా వాతావరణ సంస్థ నోవాకు చెందిన క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త, 2003లో. వేర్వేరు ఏళ్లలో రాత్రిపూట కనిపించిన దీపాలను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. 1992కు ముందు నుంచీ ఉన్నవి తెలుపు, 1992లో కనిపించినవి నీలం, 1998వి ఆకుపచ్చ, 2003వి ఎరుపు. ఊళ్లు ఎలా పెరిగాయో చూపించే పటం అది. 2012 నవంబరులో నాసా నిజంగానే దీపావళి సమయంలో తీసిన చిత్రం విడుదల చేసింది. మామూలు రాత్రిలాగే ఉంటుంది. పండగకు అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత కొద్దిపాటిదని వాళ్లే చెప్పారు.

రెండు నిమిషాల పని. మైక్ కాల్‌ఫీల్డ్ అనే అధ్యాపకుడు దీన్ని నాలుగు మెట్లుగా చేసి 'సిఫ్ట్' అని పేరు పెట్టాడు. ఆగు, చెబుతున్నది ఎవరో చూడు, ఇంతకంటే మంచి కథనం వెతుకు, మూలం ఎక్కడుందో అక్కడిదాకా వెళ్లు. లైబ్రేరియన్లు, టీచర్లు ఇప్పుడు ఎక్కువగా చెబుతున్నది ఇదే.

ఇంతవరకైతే ఈ పాఠం కంప్యూటర్ టీచరైనా చెప్పగలడు. ఇంగ్లిషు టీచరు పని ఫొటో తప్పని తేలాక మొదలవుతుంది. పక్కకు వెళ్లినవాళ్లు మళ్లీ పేజీ దగ్గరికి రావాలి. ఈ వాక్యం ఇన్నేళ్లుగా ఎందుకు బతికింది? 'నాసా' అన్న మాట ఎందుకు పెట్టారు, మన ఇస్రో పేరు ఎందుకు పెట్టలేదు? 1937 నాటి ఏడు ఎత్తుగడల్లో ఇది మూడోది, ఎదుటివాడి గౌరవాన్ని తన మీదికి మళ్లించుకోవడం. ఈ ఫొటో ఎవరిని ఉద్దేశించి ఉంది? దేశానికి దూరంగా ఉన్నవాడు పండగ రోజు దీన్ని చూస్తే గుండెలో ఏం కదులుతుంది? ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు టపాకాయల్లా కనిపించడం వల్ల వాక్యానికి బలం ఎలా వచ్చింది? ఇవి సాహిత్యం క్లాసు ప్రశ్నలు. ఎప్పుడు పేజీలో ఉండాలో, ఎప్పుడు పేజీ వదలాలో, వదిలినవాడు తిరిగొచ్చి ఏం చూడాలో ఒకే టీచరు దగ్గర ఒకే గదిలో నేర్చుకుంటే పిల్లలకు రెండు చదువులూ విడిపోవు. మీడియా పాఠం ఇంగ్లిషు పీరియడ్‌లో ఉండాలని నేను గట్టిగా అనుకునేది ఇందుకే.

అభ్యంతరాలు

మొదటిది చాలా బరువైనది. డానా బాయిడ్ అనే పరిశోధకురాలు 2018లో ఆస్టిన్‌లో జరిగిన విద్యా సదస్సులో, మీడియా లిటరసీని మనం నేర్పుతున్న తీరు బెడిసికొట్టొచ్చని హెచ్చరించింది. అన్నిటినీ ప్రశ్నించు, నీకు నువ్వే పరిశోధించు అని నేర్పుతాం. కుట్ర సిద్ధాంతాలు నమ్మేవాళ్లు సరిగ్గా ఆ మాటే అంటారు. 1930ల్లో వినిపించిన విమర్శే ఇది. అనుమానం ఒక్కటే నేర్పితే పిల్లవాడు అబద్ధంతోపాటు నిజాన్ని కూడా తోసేస్తాడు. ఏ డాక్టరూ నమ్మదగ్గవాడు కాదు, ఏ పేపరూ నమ్మదగ్గది కాదు అనే చోటుకు చేరుకుంటాడు. అందుకే క్లాసులో ఇచ్చే ఉదాహరణలన్నీ అబద్ధాలే కాకూడదు. నమ్మశక్యం కాకపోయినా నిజమని తేలేవి సగమైనా ఉండాలి. దేన్ని నమ్మకూడదో తేలినంత గట్టిగా, దేన్ని నమ్మొచ్చో కూడా తేలాలి.

రెండోది పుస్తకాల మీద ప్రేమతో వచ్చేది. 1911లో పుట్టిన ఇంగ్లిషు టీచర్ల జాతీయ సంఘం ఎన్‌సీటీఈ, 2022లో ఒక ప్రకటన విడుదల చేసింది. పుస్తక పఠనం, వ్యాసరచన ఇంగ్లిషు చదువుకు శిఖరాలన్న భావన నుంచి పక్కకు జరిగే కాలం వచ్చిందని అందులో రాశారు. దాని మీద దుమారం రేగింది. నాకూ ఆ వాక్యం మింగుడుపడలేదు. 300 పేజీల నవలతో నెలరోజులు గడిపినవాడికి వచ్చే ఓపిక రీళ్లు విప్పి చూస్తే రాదు. పైగా దీపావళి ఫొటో మీద పైన వేసిన ప్రశ్నలన్నీ నవలలు, కవితలు చదివి అబ్బినవే. రెండూ ఒకే బల్ల మీద ఉండొచ్చని కాంకర్డ్ చూపించింది. ఒకదాన్ని దించితేనే రెండోది ఎక్కాలన్న వాదన అక్కర్లేదు.

మూడోది టీచర్ల నిట్టూర్పు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాష్ట్రం పెట్టే పరీక్షలో ఎక్కువగా వచ్చేది పాసేజీ ఇచ్చి ప్రశ్నలడగడం. అక్కడ పక్కకు వెళ్లి వెతకడానికి వీల్లేదు, సమాధానం పాసేజీలోనే ఉండాలి. సంవత్సరమంతా పేజీలో ఉండటానికి మార్కులు వేసి, చివర ఒక వారం పేజీ వదలడం నేర్పితే పిల్లలకు ఏది అలవాటవుతుంది? దీనికి తోడు, ఎన్నికల వీడియోను క్లాసులో చూపిస్తే ఏ తల్లిదండ్రుల నుంచి ఏ ఫిర్యాదు వస్తుందోనన్న భయం. అందుకే చాలామంది షాంపూ ప్రకటనల దగ్గరే ఆగిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఏఐ బొమ్మలు వచ్చాక కొత్తగా ఏం మారింది అని అడుగుతారు. నిలువు చదువుకు ఉన్న కాస్త ఆధారం కూడా పోయింది, అంతే. నిన్నమొన్నటి దాకా వేళ్లు లెక్కపెట్టండి, చెవులు చూడండి అని చెప్పారు. ఇప్పుడు వేళ్లు ఐదే ఉంటున్నాయి. ఎవరు పెట్టారు, ఇంకెవరు చెబుతున్నారు అన్న ప్రశ్నలు మాత్రం చెక్కుచెదరలేదు.

పనిచేస్తుందా?

ఎంతసేపు నేర్పారన్న దాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో ఒక జిల్లా బడుల్లో 499 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పాక అడ్డంగా చదవడం స్పష్టంగా మెరుగైంది. అవి ప్రభుత్వం, పౌరశాస్త్రం పీరియడ్లు. ఇంగ్లిషు క్లాసులో ఆ ఆరు పాఠాలకు ఇంకెంత బలం వస్తుందో చూడాలని నాకు ఆశ.

మన దేశం నుంచి వచ్చిన రెండు ఫలితాలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. రెండూ బీహార్‌వే. 2019 ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ 1,224 మంది పెద్దవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చుని, వదంతులను ఎలా సరిచూసుకోవాలో నేర్పారు. మొత్తంమీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తర్వాత ఆమె, మరికొందరు పరిశోధకులు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థతో కలిసి 583 గ్రామాల్లో 13,500 మంది పిల్లలతో మరో ప్రయోగం చేశారు. ఈసారి ఒక్క గంట కాదు. వారాల తరబడి సాగిన క్లాసులు, హోంవర్కు, తోటిపిల్లలతో చర్చ. పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేయడంలో బాగా మెరుగయ్యారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ అడిగినా ఆ మెరుగు నిలిచి ఉంది. పాఠాల్లో ఆరోగ్యం గురించిన వదంతులు చెబితే, ఆ నేర్పు రాజకీయ వార్తలకు కూడా పాకింది.

వదంతి ఎంత దూరం వెళ్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న వాట్సాప్ వీడియోలు ఊళ్లను వణికించినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, జానపద గాయకుల చేత పాటలు కట్టించి వదంతులు నమ్మవద్దని చెప్పించారు. ప్రాణాలు కాపాడే పని అది. కానీ అది మంట అంటుకున్నాక నీళ్లు చల్లడం. అదే పనిని నిదానంగా, ఏడాది పొడవునా, ఎవరూ భయపడని సమయంలో చేయగలిగే చోటు బడి ఒక్కటే. మన దగ్గర సందర్భసహిత వ్యాఖ్య పేరుతో ప్రశ్న ఇప్పటికే తయారుగా ఉంది. వాచకంలోని వాక్యంతోపాటు ఒక్క వాట్సాప్ వాక్యాన్ని కూడా అడిగితే చాలు, తెలుగు మాస్టారికి కొత్త శిక్షణ కూడా పెద్దగా అక్కర్లేదు.

బీహార్ ఫలితాల్లో చివరన ఇంకొకటి ఉంది. పాఠం విన్నది పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు క్లాసుకు రాలేదు. అయినా తల్లిదండ్రుల్లో కూడా నిజమేదో గుర్తుపట్టే నేర్పు పెరిగింది.

ఇంట్లో అది ఎలా జరుగుతుందో నేను ఒకసారి చూశాను. కిందటి దీపావళికి మా గ్రూపులో ఆ ఫొటోను మా నాన్నగారు పెట్టారు. ఆయనకు 78 ఏళ్లు. అది తప్పని నాకు తెలుసు. చెబితే పండగపూట చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. మా అన్నయ్య కూతురు మాత్రం న్యూజెర్సీ నుంచి రెండు లైన్లు రాసింది. "చాలా బాగుంది తాతయ్యా. ఇది మీకు ఎవరు పంపించారు?"

గంట తర్వాత నాన్నగారు జవాబిచ్చారు. "నాతో వాకింగ్‌కు వచ్చే ఆయన పంపాడమ్మా. ఆయనకు ఎవరు పంపారో రేపు పొద్దున అడుగుతాను."